పదిహేడో నంబరు చీటీ

మొన్న ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పేరు నిఖిత. నేను ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన పరిశోధన సంస్థలో కొత్తగా చేరిందట. తార్నాకలో మా ఫ్లాటు మెట్రో లైనుకు ఎంత దగ్గరంటే, రైలు పోయినప్పుడల్లా మాట ఆపి, అది దాటాక మళ్లీ అందుకోవాలి. ఆ పిల్లకి ఆ అలవాటు లేదు, రైలు మోతలోనే గడగడా చెప్పుకుపోయింది. వచ్చే శనివారం ఓపెన్ డే అట. చుట్టుపక్కల కాలనీల జనాన్ని ల్యాబుల్లోకి రానిస్తారట, మైక్రోస్కోపులో చూపిస్తారట, పిల్లలకి టోపీలు, అందరికీ టీ, సమోసా. గేటు మీద కట్టబోయే ఫ్లెక్సీ ఫోన్లో చూపించింది. "మీ పన్నుల డబ్బు, మీ సైన్సు" అని ఇంత లావు అక్షరాలు, కింద నవ్వుతున్న ఆడవాళ్ల బొమ్మ. "మేడమ్, మీ జనరేషన్ వాళ్లు కమ్యూనిటీతో ఎలా కనెక్ట్ అయ్యారో ఒక మంచి మెమరీ చెప్పాలి. పది నిమిషాలు చాలు. కొంచెం పాజిటివ్‌గా." పాజిటివ్‌గానట! ఒళ్లు మండింది నాకు. పాపం ఆ పిల్ల తప్పేముంది, దానికెవరో చెప్పి పంపారు. "వారాసిగూడ నీళ్ల మీద మీ పేపర్ ఇప్పటికీ మేం చదువుతాం మేడమ్. ఆ బస్తీవాళ్లని కూడా పిలుద్దామనుకుంటున్నాం. అక్కడ మీకెవరైనా తెలుసా?" అంది.

తెలుసు. ఒక మనిషి తెలుసు. ఆమె ఉండే గల్లీ మీదుగా పోవాల్సి వస్తే, నలభై ఏళ్లుగా ఆటోవాడికి చుట్టుదారి చెప్పి తీసుకుపొమ్మనేంత బాగా తెలుసు. కానీ ఆ మాట నిఖితతో అనలేదు. ఎదురు ప్రశ్న వేశాను. "మీరిప్పుడు ఈ కాలనీల్లో పిల్లల రక్తం తీసి పరీక్షిస్తున్నారు కదమ్మా, ఏం తేలిందో వాళ్ల తల్లులకి చెబుతారా?" "డేటా మొత్తం వెబ్‌సైట్‌లో పెడతాం మేడమ్, ఎవరైనా చూడొచ్చు" అంది హుషారుగా. "ఏ భాషలో?" అన్నాను. ముసలామె జోకు వేసిందనుకుని నవ్వింది.

మాది కర్నూలు వైపు. నాన్నకు యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తా ఉద్యోగం వస్తే, నేను గౌన్లు వేసుకునే వయసులో తార్నాక వచ్చిపడ్డాం. రెండు గదుల వాటా, వెనక చిన్న వరండా, ఆ వరండాలో అమ్మ రాజ్యం. తెల్లవారగానే పొట్టు పొయ్యి పొగ, దాని మీద కాగే నీళ్ల వాసన. నీళ్లకు వాసనేమిటంటారేమో, మా ఇంట్లో ఉండేది. నల్లా నీళ్లు పట్టి, నాన్న పాత పంచెను నాలుగు మడతలు వేసి వడగట్టి, పటిక ముక్క తిప్పి, తేరుకున్నాక కాచి, చల్లార్చి రాగి బిందెలో పోసేది అమ్మ. ఆ పటిక, ఆ పొగ, ఆ రాగి అన్నీ కలిసిన వాసన. ఎక్కడికెళ్లినా చేతిలో మరచెంబు ఉండాల్సిందే. పెళ్లికైనా మరచెంబే, ఆస్పత్రికైనా మరచెంబే. "బయట నీళ్లు తాగొద్దు పాపా, యాడివో ఏమో" అని గుమ్మం దాటే ముందు రోజూ చెప్పేది. చూసినవాళ్లు అదంతా మడి అనుకునేవాళ్లు. మడీ ఉండేది, కాదనను. అందులో మడి ఎంతో, భయం ఎంతో అమ్మకే తెలిసేది కాదు.

నాన్నది ఇంకో రకం మడి. ప్రభుత్వానిది ఒక్క గుండుసూది ఇంట్లోకి రాకూడదు. నేను అదే యూనివర్సిటీలో పీహెచ్‌డీలో చేరిన కొత్తలో, శాంపిళ్లు పట్టే కొత్త ప్లాస్టిక్ సీసా ఒకటి పుస్తకాల సంచిలో పడి ఇంటికి వచ్చేసింది. మూత గట్టిగా పడుతోందని అమ్మ మురిసిపోయి అందులో కందిపొడి పోసుకుంది. సాయంత్రం నాన్న చూశారు. కేకలేమీ వెయ్యలేదు. పొడిని పళ్లెంలోకి ఒంపి, సీసాను మూడుసార్లు కడిగి, తన తువ్వాలుతో తుడిచి నా ముందు పెట్టారు. "ఇది జనం సొమ్మమ్మాయ్. రిక్షా తొక్కేవాడు అగ్గిపెట్టె కొంటే అందులోంచి మనకు ఈ సీసా వచ్చింది. రేపు పొద్దున చేతిలో పట్టుకుపో, సంచిలో దాచుకుని కాదు" అన్నారు. మర్నాడు క్యాంపస్ అంతా, ఆ వేపచెట్ల కిందుగా, తెలిసినవాళ్లు ఎదురవుతుంటే, కందిపొడి వాసన వదలని సీసాను ఎత్తి పట్టుకుని నడిచాను. అప్పుడు ఏడుపొచ్చింది. తర్వాత చాలా ఏళ్లు గర్వంగా చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి నోరు రావడం లేదు, ఎందుకో ముందుకెళ్తే తెలుస్తుంది.

మా ల్యాబులో గాజు సామాను కడిగే పని యాదమ్మది. జనగామ వైపు సేద్యం గిట్టుబాటు కాక మొగుడూ పెళ్లాలు పట్నం వచ్చి వారాసిగూడలో ఒక వాడలో గది అద్దెకు తీసుకున్నారు. వాడ అంటే మధ్యలో బావి, చుట్టూ నాలుగు కాపురాలు. అతను హమాలీ, ఆమె మా దగ్గర. రోజూ రైలు పట్టాలు దాటి నడిచి వచ్చేది. కడిగిన ప్రతి ఫ్లాస్కునూ చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి చూసేది, సన్నని పగులున్నా మోత మారుతుందని. "గిది పోయింది మేడమ్, పక్కకు పెట్టుండ్రి" అనేది, ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు. నాకంటే ఐదారేళ్లు పెద్దది. ఆమె నన్ను మేడమ్ అనేది, నేను పేరు పెట్టి పిలిచేదాన్ని. అప్పట్లో అది మాకెవరికీ తప్పుగా తోచలేదు.

మా గైడుగారికి ప్రభుత్వం నుంచి ఒక ప్రాజెక్టు వచ్చింది, క్యాంపస్ చుట్టూ ఉన్న బస్తీల బావులు, బోరింగుల నీళ్లు పరీక్షించాలి. వారాసిగూడలో యాదమ్మ వాళ్ల గల్లీ చివర ఒక రేకుల షెడ్డు ఉండేది. పాత లారీ బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసం కరిగించి అమ్మేవాళ్లు అక్కడ. అందుకే ఆ గల్లీని ఎంచుకున్నాం. తీరా సీసాలు పట్టుకుని వెళ్తే తలుపు తీసినవాళ్లు లేరు. కుటుంబ నియంత్రణ వాళ్లం అనుకుని ఆడవాళ్లు గడియలు పెట్టుకున్నారు, ఇళ్లు కూలగొట్టే మున్సిపాలిటీవాళ్లం అనుకుని మగవాళ్లు మీదికొచ్చారు. రెండ్రోజులు ఖాళీ సీసాలతో తిరిగొచ్చాను. మూడోరోజు యాదమ్మ చెయ్యి తుడుచుకుని, "నా ఎంబడి రా మేడమ్" అని తీసుకెళ్లింది. గల్లీ మధ్యలో నిలబడి గొంతెత్తింది. "గీమె మా ల్యాబుల మేడమ్. సైంటిస్టు. నీళ్లు పరీక్ష చేస్తది, పైసలేం అడగది. మంచిగున్నయా లేవా చెప్తది. సీసల పోసియ్యుండ్రి." ఒక ముసలాయన అడిగాడు, "చెప్తరా పక్కా?" అని. "చెప్పకపోతె నన్నడుగు తాతా. నేనేడికి పోతున్న? గీడనే గద ఉండేది" అంది యాదమ్మ.

ఆ మాటతో తలుపులు తెరుచుకున్నాయి. ప్రతి బావికీ, బోరింగుకీ ఒక చీటీ ఇచ్చాం. గైడుగారి పద్ధతి అది. చీటీ మీద నంబరు వెయ్యాలి, డిపార్ట్‌మెంటు ముద్ర కొట్టాలి, తర్వాత ఫలితం అడగడానికి వచ్చినప్పుడు వాళ్లు అది చూపించాలి. నంబర్లన్నీ నేనే రాశాను, గుండ్రటి ఊదారంగు ముద్ర నేనే కొట్టాను. యాదమ్మ వాళ్ల బావిది పదిహేడు. అప్పటికి ఆమె కూతురు సుజాత నడుము పట్టుకుని వేలాడే పిల్ల. ముద్ర చూసి, నాకూ కావాలని చెయ్యి చాపింది. దాని చేతి మీద కూడా ఒకటి కొట్టాను. గల్లీ అంతా నవ్వింది.

ఫలితాలు వచ్చినప్పుడు నా తప్పేమోనని పరీక్ష మూడుసార్లు చేశాను. గల్లీ మొదట్లో ఇళ్లకు పర్వాలేదు. షెడ్డు చుట్టూ ఉన్న బావుల్లో మాత్రం సీసం, తాగకూడనంత. అన్నిటికంటే ఎక్కువ పదిహేడులో. కాగితం పట్టుకుని గైడుగారి గదికి పరుగెత్తాను. ఆయన చూసి లేచి నిలబడ్డారు. "అద్భుతం! ఇంత స్పష్టంగా మన దేశంలో ఎవరూ చూపించలేదమ్మా" అన్నారు. ల్యాబు అందరికీ టీ చెప్పారు. ఆ టీ తెచ్చి కప్పుల్లో పోసి మా చేతికిచ్చింది యాదమ్మే. "ఏంది మేడమ్, అందరు గింత ఖుషీగున్నరు?" అని అడిగింది. "పని బాగా అయింది యాదమ్మా" అన్నాను.

"సార్, వాళ్లకి చెప్పాలి కదా" అన్నాను ఆ సాయంత్రమే. "చెబుదాం. ముందు పేపర్ రానీ. ఇప్పుడు బస్తీలో గోల లేస్తే ఆ షెడ్డువాడు కోర్టుకెక్కుతాడు, ప్రాజెక్టు ఆగుతుంది, నీ పీహెచ్‌డీ ఆగుతుంది. మనం సైంటిస్టులం, మున్సిపాలిటీ కాదు" అన్నారాయన. చెడ్డవాడేం కాదు మనిషి. నేను జ్వరంతో పడుకుంటే ఇంటికొచ్చి చూసి వెళ్లినవాడు. ఇంటికెళ్లి నాన్నతో చెప్పాను, ఆయనైనా పద, చెప్పేద్దాం అంటారేమోనని. అన్నం ముందు కూర్చున్న మనిషి ముద్ద కలుపుతూనే ఉన్నారు. చివరికి, "పెద్దాయన చెప్పింది విను. చీటీలిచ్చింది డిపార్ట్‌మెంటు, నువ్వు కాదు" అన్నారు. సీసాను వెనక్కి పంపించిన నాన్నే! అందులో పట్టిన నీళ్ల సంగతి కూడా జనం సొమ్మేనని ఆయనకు తోచలేదు. అమ్మ మాత్రం మజ్జిగ పోస్తూ పోస్తూ ఆగి, "ఆయమ్మకి చిన్నబిడ్డ ఉండాది కదే?" అంది. గిన్నె పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయింది.

యాదమ్మ మూడుసార్లు అడిగింది. ప్రతిసారీ "ఇంకా రాలేదు" అన్నాను. కాగితం నా సొరుగులోనే ఉంది, ఆమె రోజూ ఆ బల్ల తుడిచేది. తర్వాత అడగడం మానేసింది. అమ్మయ్య అనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అమ్మయ్య అనే అనుకున్నాను.

ఆ ఏడే సుజాతను బడిలో వేస్తున్నానని, అక్షరాలు నా చేత్తో దిద్దించాలని పట్టుబట్టింది. "నువ్వు గింత సదువుకున్నవ్ మేడమ్, నీ చెయ్యి పట్టుకుంటే మా పిల్లకు గూడ సదువొస్తది." తప్పించుకోలేక వెళ్లాను. కొత్త పలక, దానికి పసుపు బొట్టు, పిల్ల ఒంటి మీద పెద్దకొలత గౌను. దాని వేళ్లు నా వేళ్లలో పెట్టుకుని మొదటి అక్షరం దిద్దించాను. చెయ్యి వెచ్చగా, చెమటగా ఉంది. సీసం పిల్లల మెదడుకి ఏం చేస్తుందో మా పేపర్ చివరి పేరాలో నేనే రాశాను. ఆ పేరా టైపు చేసి వారం కూడా కాలేదు. దిద్దించడం అయ్యాక యాదమ్మ తోమిన స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చి పెట్టింది. నేను గ్లాసు ముట్టుకుని, పక్కకు జరిపి, "దాహం లేదు యాదమ్మా" అన్నాను. ఆమె బలవంతపెట్టలేదు. చిన్నగా నవ్వి, "నీళ్లు పారబొయ్యుడెందుకు" అంటూ గ్లాసు తీసి సుజాతకిచ్చింది. పిల్ల గటగటా తాగేసి, మూతి తుడుచుకుని నా వైపు చూసింది. నేను చూస్తూ కూర్చున్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

పేపర్ వచ్చింది, విదేశీ పత్రికలో, ఇంగ్లీషులో. గైడుగారు దాన్ని పట్టుకుని చాలా దేశాలు తిరిగారు. నాకు డిగ్రీ వచ్చింది, తార్నాకలోనే ఉద్యోగం వచ్చింది. చెబుదామన్న మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒకసారి సిటీ బస్సులో యాదమ్మ ముందు సీట్లో కనబడితే, రెండు స్టాపుల ముందే దిగి ఎండలో నడిచాను.

శనివారం ఓపెన్ డేలో ఏమైందో ముందే చెప్పేస్తాను, అది పెద్ద సంగతి కాదు కనుక. వెళ్లాను. ఇదంతా చెప్పాను, పేర్లు తప్ప ఏదీ దాచలేదు. చప్పట్లు కొట్టారు. "సో ఆనెస్ట్ మేడమ్!" అని నిఖిత కళ్లు తుడుచుకుంది, నాతో ఫోటో దిగింది. అప్పట్లో మేం నోరు మూసుకుని కూర్చున్నాం, ఇప్పుడు వీళ్లు నోరు మూయకుండా మాట్లాడుతున్నారు. చెప్పాల్సిన మాట చెప్పాల్సిన గడపలోకి అప్పుడూ పోలేదు, ఇప్పుడూ పోవడం లేదు. ఆ రోజు వచ్చిన జనం టోపీలు పెట్టుకుని, సమోసాలు తిని, అభిప్రాయాల ఫారంలో చాలా బాగుందని టిక్కు పెట్టి వెళ్లారు. నాకూ ఒక ఫారం ఇచ్చారు.

నేను రాయవలసింది దానికి రెండు రోజుల ముందు సంగతి. నిఖిత వెళ్లిపోయాక అటక మీది పెట్టెలోంచి పాత నోటుబుక్కు దింపి, మర్నాడు పొద్దున ఆటో ఎక్కి, ఈసారి సూటిదారినే పొమ్మన్నాను. షెడ్డు లేదు, ఆ చోట ఐదంతస్తుల అపార్టుమెంటు, కింద ఫోన్లు బాగుచేసే కొట్టు. బావి పూడ్చేసి పైన బండలు పరిచారు. యాదమ్మ మాత్రం అక్కడే ఉంది, అదే వాడలో, రేకులు పోయి స్లాబు పడిన గదిలో. చూపు తగ్గింది, గొంతు పట్టి గుర్తుపట్టింది. "మేడమ్! ఎన్నేండ్లకు యాదికొచ్చిన!" అని రెండు చేతులూ పట్టుకుంది. ఆ అరచేతులు యాసిడ్లతో గాజు కడిగి కడిగి అప్పుడే గరుకు, ఇప్పుడు మరీనూ. సుజాత ఇంట్లోనే ఉంది, జుట్టు నెరిసింది. తార్నాకలో ఆడపిల్లల హాస్టల్లో చపాతీలు చేస్తుందట, సాయంత్రం డ్యూటీ. క్యాను వంచి స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది.

నేను గొంతు సవరించుకునేలోపే యాదమ్మ గోడ వైపు చెయ్యి చాపింది. "గది సూడు మేడమ్, ఇంక గట్లనే పెట్టిన." దేవుడి పటం అద్దం మూలలో, ప్లాస్టిక్ కవరులో, చీటీ. నా చేతిరాత, పదిహేడు. ముద్ర వెలిసిపోయి గుండ్రటి మరక మిగిలింది. "ఎందుకు దాచావు?" అన్నాను. "అగో, గట్లంటవేంది? బావి గోడకు అంటిచ్చినం గద అప్పుడు. బావి పూడ్సినంక తీసి పెట్టుకున్న. సైంటిస్టులు సూసిన నీళ్లని పక్క గల్లోళ్లు గూడ బిందెలు పట్టుకొని వస్తుండిరి మన బావికి. నేనే అందరికి చెప్పిన. సెడ్డగుంటే మా మేడమ్ చెప్పకుంట ఉంటదా, చెప్పలేదంటె మంచిగున్నట్టే అని."

నేను చెప్పకపోవడమే ఆ గల్లీకి సర్టిఫికెట్ అయిందన్నమాట! నలభై ఏళ్లలో నేను ఊహించుకున్న తిట్లలో, శాపాల్లో ఇది లేదు. యాదమ్మ తన ధోరణిలో చెబుతూనే ఉంది. "గీ పిల్లకే సదువు అబ్బలే మేడమ్. నువ్వు దిద్దిచ్చిన చెయ్యి, గని అబ్బలే. పంతులు కొట్టె, నేను గూడ మస్తు కొట్టిన. మూడో తరగతిల తీసేసిన." సుజాత నవ్వింది. "యాది పెట్టుకుందమంటే ఉండకపోతుండె మేడమ్. మొద్దుదాన్ని."

నోటుబుక్కు తెరిచి చెప్పాను. మీ బావి నీళ్లలో సీసం ఉండిందని, ఆ షెడ్డు నుంచి వచ్చిందని, గల్లీలో మీదే అన్నిటికంటే ఎక్కువని. "సీసమంటే?" అంది సుజాత. బ్యాటరీలో ఉండేదని చెప్పాను. అది చిన్నపిల్లల తలకెక్కితే చదువు రాదని చెప్పాను. ఆ వెంటనే, "నీకు చదువు రాకపోవడానికి అదే కారణమని ఖాయంగా చెప్పలేమమ్మా" అని కూడా అన్నాను. ఛీ! పేపర్లో రాసే ముక్క, ఆ మనిషి ముఖం మీద. సుజాత తన చేతుల వైపు చూసుకుంటూ ఉండిపోయింది. యాదమ్మ ఒక్కటే అడిగింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"దీనికి పలక పట్టించకముందే" అన్నాను.

బయట ఎవరో కూరగాయల బండి తోసుకుంటూ కేక వేస్తున్నారు. అది గల్లీ దాటేదాకా యాదమ్మ తెరిచిన నోటుబుక్కును వేళ్లతో తడిమింది. తర్వాత, గొంతు పెంచకుండా, అలవాటైన గొంతుతోనే అంది. "ఆ దినం నేను గిలాసల నీళ్లు పెడితె నువ్వు తాగలే. మీరు పెద్దకులపోళ్లు, మా ఇంట్ల తాగరని అనుకున్న. నాకేం బాధ కాలే. మా ఇంటికి వచ్చింది, అదే సాలనుకున్న. తెలిసి తాగలేదన్నట్టు." సుజాత భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు తాగని నీళ్లు నా చేతులతోని నా బిడ్డకు తాపిన."

ఏం చెయ్యాలో తోచక, నా ముందున్న గ్లాసు కోసం చెయ్యి చాపాను. తాగుదామనే చాపాను. నాకంటే ముందు యాదమ్మ చెయ్యి దాని మీద పడింది. గ్లాసు తీసుకుని, గోడ పట్టుకుంటూ గడప దాకా నడిచింది. నీళ్లు పారబొయ్యుడెందుకనే మనిషి, నిండు గ్లాసు గల్లీలో పారబోసి వచ్చి, ఖాళీ గ్లాసు నా ముందు బోర్లించింది.